పులి చెయ్యెత్తిన సభ

భైంసాకు రెండు కోసుల దూరంల ఒక ఊరు. ఆ ఊర్ల జిన్నింగు మిల్లు గేటుకు ఎదురుంగ గంగుబాయి చాయ్ హోటల్. ఆ దినం నాలుగు గంటలకు బడి కాడ గ్రామసభ ఉన్నది. సర్కారు ఇచ్చిన బాయిని కింది వాడల తవ్వాల్నా, పటేలు పత్తి చేను పక్కన తవ్వాల్నా, తేలేది ఆడనే. పోయిన నెల గూడ సభ కూడింది గని తేలలే. చెయ్యెత్తుండ్రి అంటే సగం మంది తలకాయలు దించుకున్నరు. సర్కారు పంపిన గ్రామసేవక్ నారాజై, "మళ్ల కూడుదాం. ఈసారి ఎవల మనసుల ఏమున్నదో నిలబడి, పేరు చెప్పి, నోటితోని చెప్పాలె" అని సైకిలెక్కి పోయిండు.

నెల దినాల సంది గంగుబాయికి అదే ఫికర్. కింది వాడోళ్లు వాగు ఇసుకల చెలిమెలు తీసి, చెంబుతోని తోడుకొని నీళ్లు తెచ్చుకుంటరు. ఆమె చాయ్ గిన్నెల మరిగేది గూడ ఆ నీళ్లే. ఎండాకాలం మీదికొచ్చింది. ఈ పారి బాయి తప్పిపోయిందంటే ఇంకెన్నేండ్లకో.

మూడు గంటలకు వచ్చి బల్ల మీద కూసున్నడు అంబదాసు. పత్తి బేరాలు కుదిర్చే దలాలు, ఉండేది కింది వాడలనే. మనిషి మూరెడు, మాట బారెడు. పక్కన మిల్లు హమాలి అంతయ్య, సాసర్ల చాయ్ ఊదుకుంట కూసున్నడు.

"దాదా, సభల లేచి మాట్లాడాల్నంటే ఇప్పటిసందే నాకు భయమైతున్నది" అన్నడు అంతయ్య.

అంబదాసుకు గంతే గావాలె. చాయ్ పక్కకు పెట్టి బాసింపట్లు వేసుకున్నడు.

"అరె బాబా, సభల మాట్లాడుడు గూడ ఒక పనేనా? యాభై రెండుల మొదటి ఓట్లు వచ్చినప్పుడు ఈ తాలూకాకు ఓటు నేర్పిందెవలు? నేను! ఎక్కువ చెప్ప, అబద్ధం నాకు అచ్చిరాదు. ముందుగాల మా గల్లీల పదకొండు మందికి నేర్పిన. గప్పుడు నిలబడ్డ ఒక్కొక్కనికి ఒక్కొక్క డబ్బా, డబ్బా మీద వాని గుర్తు. మన ముసలోళ్లు ఏం జేసిండ్రు? డబ్బాకు బొట్టు పెట్టి, దండం పెట్టి, చీటిని ప్రసాదమనుకొని కొంగుల కట్టుకొని ఇంటికి తెస్తుండ్రి. నేను అడ్డం నిలబడి, 'అవ్వా, ఇది దేవుడు గాదు, మనం జీతగాన్ని పెట్టుకునే డబ్బా. చీటి వెయ్యి, పని చెయ్యకుంటే ఐదేండ్లకు మార్చు' అన్న."

"గది నిజమే," అన్నది గంగుబాయి. "మా అత్త చీటి తెచ్చి దేవుని గూట్లె పెట్టింది. దినాం ఊదుబత్తి ముట్టిచ్చేది."

"సూస్తివా? ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? పదకొండు మంది పదకొండు వేలైండ్రు. ఆడోళ్లది ఇంకో కష్టం. పేరేందవ్వా అంటే ఫలానోని పెండ్లాన్ని అంటరు, ఫలానోని తల్లిని అంటరు, పేరు మాత్రం చెప్పరు. పేరు లేకుంటే ఓటు లేదాయె! నేను అందర్ని ఒక్క మైదానంల నిలబెట్టి, 'ఒకటి, రెండు, మూడు, చెప్పుండ్రి!' అన్న. మూడు వేల మంది ఆడోళ్లు ఒక్కసారే ఎవల పేరు వాళ్లు అరిచిండ్రు. నిర్మల్ కోట గోడల సున్నం జలజల రాలింది. పోలీసు కచేరీల ఉన్న అమీన్‌సాబు భూకంపమనుకొని బల్ల కిందికి దూరిండు."

"అబ్బ!" అన్నడు అంతయ్య.

"అబ్బ అనుడు అప్పుడే ఐపోలే. ఓటు డబ్బాల బండితోని ఘాట్ల అడివి దాటుతున్న. తొవ్వకు అడ్డం పులి! బండి తోలేటోడు చెట్టెక్కిండు. ఎడ్లు గూడ ఎక్కబోయినయి, నేనే ఆపిన. పులి ముంగటికి పోయి, 'ఏమే, నీకు ఇరవై ఒక్కేండ్లు నిండినయా?' అన్న. అది సిగ్గుపడి తల దించుకున్నది. 'ఐతే నీకు ఓటు లేదు, గని సభల కూసునే హక్కు ఉన్నది, కూసో' అన్న. కూసున్నది."

"కూసున్నదా!"

"కూసోకేం జేస్తది? జింకలను, ఎలుగులను, నక్కలను అన్నిటిని పిలిచిన. ఒకలు మాట్లాడంగ ఇంకొకలు అడ్డం రావద్దు, గిదే కాయిదా అన్న. ఒక ముసలి జింక లేచి, 'అయ్యా, వారానికి ఒక్క దినమన్న మేము నీళ్లు తాగంగ పులి రావద్దు' అన్నది. నక్క నడుమ నోరు పెట్టబోయింది. నీ వంతు రాలే, కూసో అన్న. చేతులెత్తుండ్రి అంటే అన్నిటికన్న ముందు ఎవలు ఎత్తిండ్రు? పులి! అంగడి దినం వాగు కాడికి రానని ఒప్పుకున్నది. ఇయ్యాల్టికి గూడ అంగడి దినం అది ఉపాసమే."

"పులికి అంగడి దినమని ఎట్ల ఎరుక దాదా?"

"బండ్ల చప్పుడు ఇనదా ఏంది? నడుమ అడ్డం రాకు, కాయిదా చెప్పిన గదా! ఆడికెళ్లి గోదారి. ఒడ్డుకు చేరే వరకు రెండు గట్లు మునిగేటంత వరద."

"ఓట్లు చలికాలంల అయినయి," అన్నది గంగుబాయి. "చలికాలం వరదెక్కడిది?"

"అక్కా, గదే గమ్మతు! ఓటెయ్యాల్నని వచ్చింది గోదారి! నీళ్లనే అడిగిన. పోయేటి నీళ్లు ఒక దిక్కు, ఆగేటి నీళ్లు ఒక దిక్కు జరుగుండ్రి అన్న. లెక్కబెడితే ఆగేటియి ఒక్క చెంబు ఎక్కువున్నయి. ఎక్కువ ఎక్కువే గదా! గోదారి ఆగింది. నేను ధోతి తడవకుంట బండిని దాటిచ్చిన. గా ముచ్చట ఢిల్లీ దాక పోయింది. ఢిల్లీకెళ్లి టెలిగ్రాం తార్ వచ్చింది. 'అంబదాసు గారూ, ఈడ పార్లమెంటుల ఒకలు మాట్లాడంగ ఇంకొకలు అడ్డం వస్తున్నరు, పరేషాన్ అయితున్నం, జర వచ్చి నేర్పుండ్రి' అని. నేను రానన్న. ఢిల్లీ ఏడికి పోతది, ముందుగాల మా ఊరి సభ సక్కగ కానియ్యుండ్రి అన్న."

గంగుబాయి చాయ్ వడబోసే గుడ్డ పక్కకు పెట్టింది.

"ఊరి సభ యాదికొచ్చింది, మంచిదే. పోయిన నెల సభల నీ చెయ్యి ఏడున్నది తమ్మీ?"

అంబదాసు చెయ్యి భుజం మీది రుమాలు మీదికి పోయింది.

పత్తి దలాలుల బేరం ఎట్లుంటదో ఆ దిక్కు అందరికి ఎరికే. ఇద్దరు చేతుల మీద రుమాలు కప్పుకుంటరు, లోపల వేళ్లు పట్టుకొని ధర చెప్పుకుంటరు. పెదవి కదలది. పక్కన నిలబడ్డ రైతుకు తన పత్తి ఎంతకు పోయిందో గూడ తెల్వది.

"నేను ఆడోళ్లల్ల నీ ఎన్కనే కూసున్న," అన్నది గంగుబాయి. "సేవక్ చెయ్యెత్తుమన్నడు. పటేలు నీ దిక్కు చెయ్యి జాపిండు. నువ్వు రుమాలు కప్పినవు. వాడ వాడంత తాగే నీళ్లను రుమాలు కింద బేరం జేసినవు."

"నిజమా దాదా?" అన్నడు అంతయ్య. వాని గొంతుల ఎక్కిరింపు లేదు, అదే అంబదాసుకు ఎక్కువ కాలింది.

"అలవాటు అక్కా," అన్నడు అంబదాసు. "ఇరవై ఏండ్ల అలవాటు. ఆయన చెయ్యి జాపంగనే నా చెయ్యి పోయింది. రెండు వేళ్లు నొక్కిండు, నేను ఒప్పుకున్నట్టు నొక్కిన. వాడకు చెయ్యెత్తనని ఒప్పుకున్ననని ఇంటికి పోయినంక సమజైంది." తల దించుకున్నడు. "ఆయన పత్తి బండ్లన్ని నా చేతుల మీదికెళ్లే పోతయి. అయి ఆగితే నేనేం తినాలె?"

"నీ పెండ్లాం ఏడు నెలల కడుపుతోని చెలిమెల దిగుతున్నది. పొద్దున నేనే చెయ్యి పట్టి పైకి గుంజిన." గంగుబాయికి కోపం వచ్చింది, దుఃఖం గూడ వచ్చింది. "పులితోని చెయ్యెత్తిచ్చినోనివి, పటేలు ముంగట నీ చెయ్యి నువ్వు ఎత్తరాదా?"

అంబదాసు చాయ్ తాగకుండనే లేచి పోయిండు. అయ్యో, ఎక్కువన్ననా అనుకున్నది గంగుబాయి. గని అన్న మాట ఎన్కకు తీసుకునేది కాదు.

నాలుగు గంటలకు బడి గంట కొట్టిండ్రు. ఊరంత చాపల మీద కూసున్నది. పటేలు ముందు వరుసల ఉన్నడు. ఆయన పక్కన అంబదాసు జాగ ఖాళీగుంది. గంగుబాయి చెప్పాల్సిన మాటలు మనసుల రెండుసార్లు చదువుకున్నది. ముందుగాల ఎవలు చెప్తరని గ్రామసేవక్ అడిగిండు. ఆమె లేద్దామని నేల మీద చెయ్యి ఊనింది.

అప్పుడే కింది వాడోళ్ల నడుమకెళ్లి అంబదాసు లేచిండు. పటేలు మర్లి చూసిండు. అంబదాసు కుడిచెయ్యి పైకెత్తిండు.

"నా పేరు అంబదాసు. బాయి కింది వాడల తవ్వాలె."

ఊరంత చెవులు పెట్టుకొని కూసున్నది. ఇంకా ఏమేమి వస్తయో అని కొందరు ముందుగాలనే నవ్వు మొఖాలు పెట్టిండ్రు.

"ఇంకా?" అన్నడు గ్రామసేవక్.

"గంతే సార్."

నవ్వబోయినోళ్లు నవ్వలే. పటేలు ఏదో అనబోయిండు. గ్రామసేవక్ ఆయన దిక్కు చూసి, "మీ వంతు వస్తది, కూసోండ్రి" అన్నడు. గంగుబాయి కొంగు సదురుకొని లేవబోయింది గని, ఆమెకన్న ముందే కింది వాడోళ్లు ఇంకో నలుగురు లేచి నిలబడి ఉండిరి.