నాలుగు బీలో ఎవరూ లేరండీ

రండి, దగ్గరికి జరగండి. ఆ చివర గోడకి ఆనుకుని కూర్చుంటే నా గొంతు అందదు. దేవుడు ఇంకా ఊపిరి ఉంచాడు గానీ బలం తీసేసుకున్నాడు. జపమాల ముగిసింది, కాఫీ ఇంకా పొంగలేదు, ఈలోపు ఒక ముచ్చట చెప్పుకుందాం. ఇందాక మిలాగ్రోస్ అడిగింది కదా, "దోన్ నికానోర్, మీ అక్కయ్య జునిల్దా పెద్ద అబద్ధాలకోరట, మా అమ్మమ్మ చెప్పేది, నిజమేనా?" అని. నవ్వకండర్రా, పిల్ల అడగాల్సిందే అడిగింది. నిజమే తల్లీ. పన్నెండేళ్ల పాటు ఒకటే అబద్ధం చెప్పింది మా అక్క. ప్రతి ఆదివారం ముందు వరసలో మోకరిల్లేది, వీధిలో ఎవరు చచ్చిపోయినా జపమాల తనే చెప్పించేది, అలాంటి మనిషి. "జునిల్దా మాటంటే గుడిగంట" అనేవాళ్లు. ఆ గంటే ఒక రోజు పగిలింది, వినండి.

మా ఇల్లు మూడు బీ, సరిగ్గా దాని నెత్తిమీద పై అంతస్తులో నాలుగు బీ. అందులో దోన్యా ఎర్సీలియా ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. పక్క మిషను మీద కుట్టే ఆవిడ జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోతే, ఆవిడ కూతురు పదకొండేళ్ల నూరిస్‌ని చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేసుకుంది. కాగితం లేదు, కచేరీ లేదు. మన దొమినికన్ల ఇళ్లల్లో అదేమన్నా కొత్తా? అన్నం పెట్టిన చెయ్యే అమ్మ. అయితే ఎర్సీలియా ఇంట్లో దిగిన రోజే అప్పటి ఓనరు మనిషి వేలు చూపించి చెప్పాడట, "ఇది ఒక్క మనిషికే ఇచ్చిన ఇల్లు, రెండో దిండు కనబడిందా, సామాను రోడ్డు మీదుంటుంది" అని. చట్టంలో అలాంటిదేమీ లేదని మాకెవరు చెప్పారు? సముద్రం దాటి వచ్చినవాళ్లం, కోటేసుకున్నవాడు ఇంగ్లీషులో అరిస్తే అదే చట్టం అనుకునే రోజులవి.

ఎర్సీలియా ఏడుస్తూ కిందికొచ్చింది. మా అక్క ఏప్రను నడుముకి బిగించి, "ఏడవకు కోమాద్రే, తోబుట్టువులాంటిదాన్ని నేనున్నాను కదా" అంది. ఇక చూడండి ఏర్పాట్లు! స్కూల్లో పిల్ల అడ్రసు మూడు బీ అని రాయించింది. పిల్లకొచ్చే ఉత్తరాలన్నీ మా డబ్బాలోకే. ఓనరు మనిషి మెట్లెక్కుతున్నాడని తెలిస్తే అక్క మా ఇంట్లోంచి పైకి వెళ్లే ఆవిరి గొట్టం మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టేది. ఆ చప్పుడు వినగానే పిల్ల కిటికీ బయట మంటలొస్తే దిగే ఇనప నిచ్చెన మీదుగా మా వంటింట్లోకి దిగిపోయేది. పిల్ల చెప్పులు మా మంచం కింద. పిల్ల పళ్ల బ్రష్షు పగలంతా కాఫీ డబ్బాలో. నవ్వొస్తే దిండు కొరుక్కోవాలి. భవనం భవనమంతటికీ పాఠం చెప్పింది అక్క, "ఎవరడిగినా, నాలుగు బీలో ముసలావిడ తప్ప ఎవరూ లేరండీ, అర్థమైందా?" అని. "పాపం కాదా దోన్యా?" అని ఎవరో అడిగితే, "పిల్లని దాచడం పాపమైతే, పసిపిల్లల్ని చంపించిన హేరోదు రాజు నుంచి బిడ్డని దాచుకుని ఐగుప్తుకి పారిపోయిన మరియ తల్లిని అడుగు ముందు" అంది.

పిల్ల పెద్దదైంది. ముసలివాళ్ల ఆశ్రమంలో పనికి వెళ్లేది. ఎర్సీలియాకి పక్షవాతం వచ్చాక రెండేళ్లకి పైగా తనే స్నానం చేయించింది, తనే అన్నం కలిపి పెట్టింది, రాత్రి తనే పక్కన పడుకుంది. కన్న కూతుళ్లు చెయ్యరమ్మా అంత. తొంభైనాలుగు ఫిబ్రవరిలో, ఒళ్లు గడ్డకట్టే చలిలో, దేవుడు ఎర్సీలియాని పిలిచాడు. తొమ్మిది రోజులు మన పద్ధతిలో నాలుగు బీలోనే జపమాల. గది నిండా ఆడవాళ్లు, అల్లం టీ, రొట్టె, పిల్ల నల్లబట్టల్లో పటం పక్కన. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, సరిగ్గా "ఇప్పుడును మా మరణ సమయమందును" అంటుండగా తలుపు తట్టారు. అక్క మాల చేత్తో పట్టుకునే తలుపు తీసింది. కొత్త ఓనరు మనిషి ప్రూయిట్, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. "అయ్యో, చాలా విచారం. ఒక్క ప్రశ్న మేడం. ఈ ఇంట్లో ఆవిడతో పాటు ఇంకెవరైనా ఉండేవారా?"

మీరే చెప్పండి, ఆ నిమిషంలో ఏం చెప్పాలి? "ఉంది నాయనా, ఇదిగో కూతురు" అనాలా వద్దా? అనాలని ఇప్పుడు మనకి తెలుసు. కానీ పన్నెండేళ్లు ఒకే పాట పాడిన నోరు. తలుపు చప్పుడు, అట్ట, ఆ ప్రశ్న. నోరు దానంతటదే తెరుచుకుంది. "ఎవరూ లేరండీ. ముసలావిడ ఒక్కతే." వెనక గదిలో ఆడవాళ్లు కూడా గొర్రెల్లా తలలూపారు, "అవునవును, ఒక్కతే." ప్రూయిట్ నవ్వాడు. "ఇక్కడ ఒక సంతకం చేస్తారా?" చేసింది. మాల ఎడమ చేతిలోకి మార్చుకుని మరీ చేసింది మా అక్క! తలుపేసి వెనక్కి తిరిగేసరికి నూరిస్ నిలబడి ఉంది. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

నోటీసు వచ్చింది. పది రోజుల్లో ఖాళీ చెయ్యి, నువ్వెవరో మాకు తెలీదు అని. ఈ ఇళ్లకి అద్దె హద్దు దాటి పెరగదు కదా, పాత మనిషి పోతే ఓనరుకి పండగ. వంటిల్లు మార్చి, రంగులేసి, కొత్తవాళ్లకి ఎక్కువకిస్తాడు. పేదల తరఫున ఊరికే వాదించే లాయరమ్మ ఒకావిడ దొరికింది, మిస్ కెప్లర్ అని. ఆవిడ అంతా విని తల పట్టుకుంది. "కడుపున పుట్టక్కర్లేదు దోన్యా. రెండేళ్లు కలిసి ఉండి, ఒక కుటుంబంలా బతికారని చూపిస్తే చాలు, ఇల్లు ఆ అమ్మాయిదే. అసలు దాచాల్సిన అవసరమే లేదు మీకు!" ఆ మాటకి అక్క కుర్చీలో కూలబడింది. "చూపించడానికి ఏముంది?" అంది లాయరమ్మ. ఏముంది? స్కూలు కాగితం మూడు బీ. బ్యాంకు కాగితం మూడు బీ. ఉత్తరాలు మూడు బీ. పైగా అక్క సంతకం. గొయ్యి తవ్వింది మేమే, మెత్తగా గడ్డి పరిచింది కూడా మేమే. "ఇక మీరే చెప్పాలి. అబద్ధమాడానని ఒప్పుకోవాలి. అందరి ముందూ" అంది లాయరమ్మ. అక్క మూడు రోజులు అన్నం ముట్టలేదు. అబద్ధానికి సంతకం పెట్టినందుకు జైల్లో వేస్తారని ఎవరో భయపెట్టారు. జైలు భయం కాదమ్మా మా అక్కది. రేపటి నుంచి జపమాల చెప్పిస్తే ఎవరు నమ్ముతారన్నదే.

కోర్టు రోజు. మా భవనం ఆడవాళ్లంతా కోట్లు తొడుక్కుని బెంచీ మీద పిట్టల్లా వరసగా కూర్చున్నారు. జడ్జి ఒక పెద్దావిడ, కళ్లద్దాలు ముక్కు చివరన. అక్క చెయ్యెత్తి ప్రమాణం చేసింది. ఓనరు లాయరు కాగితం తీశాడు, తీరిగ్గా, చేపముల్లు తీసినట్టు. "ఇది మీ సంతకమేనా?" "నాదే." "అమ్మాయి మీ ఇంట్లో, మూడు బీలో ఉందని ఈ స్కూలు కాగితం చెప్తోంది. అది కూడా మీరు రాయించిందేనా?" "నేనే." "పన్నెండేళ్లుగా అందరికీ అక్కడెవరూ లేరనే చెప్పారు?" "చెప్పాను." పక్కన నిలబడ్డ దుబాసీ పిల్ల ప్రతి మాటా మా భాషలోంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషులోంచి మా భాషలోకి తర్జుమా చేస్తోంది. అప్పుడు లాయరు గొంతు తగ్గించాడు. "అయితే అమ్మా, అప్పుడు అబద్ధమా? ఇప్పుడు అబద్ధమా?"

అక్క తల వంచుకుంది. నూరిస్ కళ్లు మూసుకుంది. అయిపోయిందనుకున్నాను. ఇంతలో అక్క తలెత్తి, లాయరుతో కాదు, ఆ జడ్జమ్మతోనే, వంటింట్లో ఎదురుగా కూర్చున్న ఆవిడతో మాట్లాడినట్టు అంది, "అమ్మా, అప్పుడే అబద్ధం. సంతకం పెట్టింది కూడా అబద్ధమే. నేను అబద్ధాలకోరుని, రాసుకోండి. కానీ ఒక్కటి చెప్పండి. లేని పిల్లని ఎవరైనా పన్నెండేళ్లు దాస్తారా?" దుబాసీ పిల్ల ఆ మాట తర్జుమా చేస్తుండగానే అక్క మళ్లీ అందుకుంది. "ఆ నిచ్చెనకి పదకొండు మెట్లమ్మా. ఆరోది వదులు. దాని మీద కాలు పెట్టకుండా దూకమని నేనే నేర్పాను. ఒకసారి జారి మోకాలు చీరుకుంది, మచ్చ ఉంది చూడండి. ఆస్పత్రికి తీసుకెళ్తే ఎక్కడ ఉంటావని అడుగుతారని పసుపు అద్ది ఊరుకున్నాను. ఆ పాపం నాది. మా ఇంట్లోనే ఉండే పిల్లైతే మా ఇంట్లోకి నిచ్చెన దిగి ఎందుకు వస్తుంది?"

ఓనరు లాయరు, "ఇదంతా కథ" అన్నాడు. వెంటనే వెనక బెంచీ మీంచి దోన్యా తోమసా లేచింది, "నేను కూడా అబద్ధం చెప్పాను!" ఆ వెనకే ఇంకొకావిడ, "నేనూ!" జడ్జమ్మ సుత్తి కొడుతోంది, "కూర్చోండి, కూర్చోండి, ఒక్కొక్కరూ వచ్చి ప్రమాణం చేసి చెప్పండి" అని. చెప్పారు. రెండు రోజులు చెప్పారు. దేవుడి దయ, నెల తిరక్కముందే తీర్పొచ్చింది. నాలుగు బీ నూరిస్‌ది.

అసలు మాట ఇప్పుడుంది, అటూ ఇటూ చూడకండి. తీర్పు విని బయటికొచ్చాం. వసారాలో ప్రూయిట్ కోటు తొడుక్కుంటున్నాడు. అందరూ నూరిస్‌ని వాటేసుకుని ఏడుస్తుంటే అక్క మాత్రం నేరుగా వాడి దగ్గరికి వెళ్లింది. "ఆ అట్ట తియ్యి నాయనా. మూడు బీ, రాసుకో. జునిల్దా, ఇల్లు నా పేరు మీదుంది. రెండో మనిషి, నికానోర్, నా తమ్ముడు. పదిహేను రోజులకని వచ్చి తొమ్మిదేళ్లయింది." నేను స్తంభం చాటుకి జరిగాను. అలవాటు! "ఇటు రారా వెధవా, నీ మొహం చూపించు ఆయనకి" అని అరిచింది. వెళ్లి నిలబడ్డాను. నలభై రెండేళ్ల మగాణ్ని, స్కూలు పిల్లాడిలా. వాడు రాసుకున్నాడు.

అక్క పోయి ఇరవై ఏళ్లు కావస్తోంది. నేను ఇంకా ఆ మూడు బీలోనే నిద్రలేస్తున్నాను. ఆ రోజు అట్ట మీద నా పేరు పడింది కాబట్టే నన్ను నువ్వెవరని ఒక్కడూ అడగలేదు.

కాబట్టి బిడ్డల్లారా, తక్కినవన్నీ మరిచిపోయినా పరవాలేదు. ఆ మనిషి, గెలిచిన రోజున, ఎవరూ అడక్కుండానే వెళ్లి, తన ఇంట్లో పడుకునేవాళ్ల పేరు గట్టిగా చెప్పింది. అది గుర్తుంచుకోండి. మీ ఇంటికెళ్లి చెప్పండి. మీ పక్కింట్లో చెప్పండి. వాళ్లని ఇంకొకళ్లకి చెప్ప...

ఏంటలా చూస్తున్నారు? ఏం లేదు, అక్క గుర్తొచ్చింది. కాఫీ పొంగినట్టుంది, చూడండమ్మా ఎవరైనా.