ఆర్లిస్ గెలిపించిన ర్యాంపు కేసు

"నేను చేసింది పెద్దగా ఏమీ లేదనుకోండి," అని మొదలుపెట్టాడు ఆర్లిస్ హ్యాచర్, చేతిలో దాల్చినచెక్క పూసిన తీపి రోల్ పెట్టుకుని. "వెళ్ళాను, నిలబడ్డాను, ఒక్క మాటన్నాను. అంతే. ఆ మాటకే కాలనీ ప్రెసిడెంటు క్రాంట్జ్ గారి కళ్ళజోడు జారి ముక్కు చివరికొచ్చింది."

ఓపల్ కాఫీ పోస్తూ వింటోంది. శనివారం పొద్దున్న, అక్టోబరు నెల. ఆరిజోనాలో ఎండ అప్పుడప్పుడే కాస్త మనిషిలా ప్రవర్తించడం మొదలుపెట్టే రోజులు. ఆవిడ ఇంటి ముందు వరండాలో మడతకుర్చీలు వేసుకుని ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళు కూర్చున్నారు. ఎదురింటి నెట్టీ, వీధి చివర ఉండే రిటైరైన పోస్ట్‌మ్యాన్ రొసెండో, పక్కింటి ఆర్లిస్. నాలుగోది చక్రాల కుర్చీ. అందులో ఓపల్ భర్త క్లిఫ్టన్.

ఆ చక్రాల కుర్చీ గురించే గొడవంతా. ఫిబ్రవరిలో క్లిఫ్టన్‌కి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి, మాట పోయింది. గుమ్మానికి మూడు మెట్లున్నాయి. చర్చివాళ్ళు వచ్చి ఒక్కరోజులో చెక్కలు కొట్టి, కుర్చీ దిగడానికి వాలుగా ర్యాంపు వేసిపెట్టారు. పదో రోజుకల్లా కాలనీ అసోసియేషన్ నుంచి నోటీసు వచ్చింది. ముందస్తు అనుమతి లేదు, వీధిలోంచి కనబడుతోంది, చెక్క రంగు ఆమోదించిన రంగుల పట్టికలో లేదు. తీసేసేదాకా రోజుకింత జరిమానా. వేసవి దాటేసరికి వకీలు ఉత్తరం కూడా వచ్చింది, కట్టకపోతే ఇల్లు జప్తు చేయిస్తామని. ఓపల్ ఆ ఉత్తరాలన్నీ వంటింట్లో తువ్వాళ్ళ కింద దాచింది. క్లిఫ్టన్‌కి మాటే పోయింది గానీ చదవడం పోలేదు మరి.

అలాంటిది నిన్న మధ్యాహ్నం విచారణలో జరిమానా మొత్తం కొట్టేశారు. ర్యాంపుకి ఇసుకరంగు వేస్తే చాలన్నారు. రాత్రి ఓపల్ తొమ్మిదింటికి పడుకుని ఆరింటికి లేచింది. ఎనిమిది నెలల్లో అలాంటి నిద్ర ఎరగదు. లేచి, ఎవరూ అడక్కుండానే రెండు పళ్ళేల రోల్స్ కాల్చింది.

"ఏమిటా ఒక్క మాట?" అంది నెట్టీ.

"'క్రాంట్జ్, నీ రూల్స్ పుస్తకం బయటికి తియ్యి,' అన్నాను. తీశాడా? వాడివల్ల అవుతుందా! గోల్ఫ్ బండిమీద వేసుకొచ్చారమ్మా. సగం దారిలో టైరు పేలింది. మిగతా దారి నలుగురు మోశారు. ఒక్కో పేజీ నా మంచం దుప్పటంత. నేనేం చేశాను? కళ్ళజోడు తుడుచుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను, గంటలో అవగొట్టాను."

"నువ్వు మందుసీసా మీద చీటీ చదవడానికే మధ్యాహ్నం దాకా తీసుకుంటావు కదయ్యా," అన్నాడు రొసెండో.

"మందుసీసాలో కథ ఉండదు. ఇందులో ఉంది. వినవయ్యా ముందు."

ఆర్లిస్‌కి డెబ్భై మూడేళ్ళు. నలభై ఏళ్ళు ఎడారిలో బోర్లు వేశాడు. అతను వేసిన చోట నీళ్ళు పడినా పడకపోయినా మాటలు మాత్రం ధారగా పడేవని వీధంతా చెప్పుకుంటారు. ఓపల్‌కి అతనంటే కోపం లేదు. ఒక చిన్న ముల్లు మాత్రం ఉంది, నిన్నటిది. "నేనొస్తాను ఓపల్, నీ పక్కనే కూర్చుంటాను, నువ్వు భయపడకు," అని గురువారం సాయంత్రం కంచెమీదుగా మాటిచ్చాడు. ఆవిడ విచారణ గదిలో పక్క కుర్చీ మీద చేతిసంచీ పెట్టి అట్టేపెట్టింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చూసింది. ఆర్లిస్ రాలేదు.

రానివాడు ఇప్పుడు వచ్చినట్టు చెబుతున్నాడు. నెట్టీకి తెలియదు, రొసెండోకి తెలియదు. నిన్న వాళ్ళిద్దరూ ఊళ్ళో లేరు. ఓపల్ చెప్పెయ్యొచ్చు. కానీ గుండెమీంచి అంత బరువు దిగిన మర్నాడు ఒకడి కోతలు ఆపడానికి నోరు రాలేదు. చెప్పుకోనీ పాపం, అనుకుని అతని కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది.

"పుస్తకం చదివాక టేపు పట్టుకుని తిన్నగా క్రాంట్జ్ ఇంటికే పోయాను," అన్నాడు ఆర్లిస్. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? తప్పులమ్మా, తప్పులు! చెత్తడబ్బా మూత అంగుళం పైకి లేచి ఉంది. రాశాను. ముంగిట్లో గులకరాళ్ళు లెక్కపెట్టాను, నాలుగు లక్షల పన్నెండు వేలు..."

"కూర్చునా, నుంచునా?" అంది నెట్టీ.

"వంగుని. అందులో ఒకటి, ఒక్కటంటే ఒక్కటి, ఆమోదించిన రంగు కాదు. రాశాను. వాడి కుక్క మొరిగింది. ఏ శ్రుతిలో మొరగాలో ఆరువందల పన్నెండో పేజీలో ఉంది, ఇది అరశ్రుతి ఎక్కువ. కుక్కకి విడిగా నోటీసిచ్చాను, సంతకం కూడా తీసుకున్నాను. సాయంత్రానికి తొంభై ఆరు నోటీసులయ్యాయి. వాడి తలుపుకి అంటిద్దామంటే తలుపు చాలలేదు, మిగతావి కారుకి అంటించాను. నిన్న మీటింగుకి వాడొచ్చింది ఆ కారులోనే. ముందద్దం మీద కూడా కాగితాలే, పక్క కిటికీలోంచి తల బయటపెట్టి నడుపుకుంటూ వచ్చాడు."

రొసెండో పొట్ట పట్టుకుని నవ్వాడు. క్లిఫ్టన్ పెదవి ఎడమవైపు కొంచెం కదిలింది. ఓపల్ అది చూసింది. ఆయన తింటున్న రోల్ పొడి గడ్డంమీద పడితే తుడిచింది.

నిజంగా జరిగింది ఆవిడకి తెలుసు. మొత్తం ఏడు నిమిషాలు. క్లిఫ్టన్‌కి జనం గోల పడదని ఆయన్ని క్లబ్బుహౌస్ వరండా నీడలో, గాజుతలుపు పక్కనే కూర్చోబెట్టి తనొక్కతే లోపలికి వెళ్ళింది. కాగితం రాసుకెళ్ళింది. లేచాక అది చదవాలనిపించలేదు. కాగితం మడిచేసి, "కుర్చీ వెడల్పెంతో ర్యాంపు వెడల్పంతే. ఎక్కడ కొయ్యమంటారో మీరే చెప్పండి, ఇవాళే కోయిస్తాను," అంది. చెక్క తగ్గించమన్నా కోసేదే, వెటకారానికి అన్నమాట కాదది. ఓటింగు పెట్టారు, సభ్యులు అయిదుగురు. చివర కూర్చున్న పెద్దావిడ ముందు చెయ్యెత్తింది. ఆ తర్వాత ఇంకో ముగ్గురు. క్రాంట్జ్ ఒక్కడే ఎత్తలేదు.

"ఇంక విచారణ సంగతి," అన్నాడు ఆర్లిస్, కుర్చీ ముందుకి జరుపుకుని. "లేచి నిలబడ్డాను. మాట్లాడాను. ఎంతసేపనుకున్నారు? మూడు గంటలు! మంచినీళ్ళు లేవు. నా మాటల వేడికి ఏసీ ఆగిపోయింది. కోశాధికారి చేతిలో పెన్ను కరిగి చొక్కామీద కారింది. క్రాంట్జ్‌కి చెమటలు. 'కిటికీ తెరవండయ్యా,' అన్నాడు. తెరిస్తే ఎండ వచ్చి సరిగ్గా వాడి బట్టతలమీద పడింది. అంతే, ఒళ్ళు మండిపోయి సూర్యుడికి జరిమానా వేశాడు."

"సూర్యుడికా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"రాసుకోండన్నాడు. అనుమతి లేకుండా లోపలికి రావడం, ఒకటి. ఆ నారింజరంగు పట్టికలో లేదు, రెండు. రోజూ పొద్దున్నే వీధిలోంచి కనబడటం, మూడు. నోటీసు తయారైపోయింది. అవతల సూర్యుడు చూశాడు, భయపడ్డాడు, పట్టపగలు మూడింటికి కొండ వెనక్కి జారుకున్నాడు. కాలనీ అంతా చీకటి. కోళ్ళు పడుకున్నాయి."

"మన కాలనీలో కోళ్ళు పెంచకూడదుగా?" అంది నెట్టీ.

"అందుకే పడుకున్నాయి, ఎవరికీ కనబడకుండా. నేనిక లాభం లేదనుకుని సూర్యుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. 'అయ్యా, ఈయన మీ కాలనీ కట్టకముందు నుంచీ ఇక్కడే ఉంటున్నాడు, పాత కాపురస్తుడు, ఈయనకి మీ రూల్సు చెల్లవు,' అన్నాను. క్రాంట్జ్ తల వంచుకుని నోటీసు చింపాడు. అప్పుడు మళ్ళీ తెల్లారింది."

"నిన్న నేను టూసాన్‌లో మా అమ్మాయింట్లో ఉన్నాను. అక్కడ మాకేం చీకటి పడలేదే?" అన్నాడు రొసెండో.

"ఈ అసోసియేషన్ హద్దు గేటుదాకానే కదయ్యా! అసలు సంగతి ఓట్ల దగ్గరుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండుకి రెండు. అయిదో మనిషి బల్ల కింద దూరి బయటికి రానంది. సమానం. క్రాంట్జ్ నవ్వుతున్నాడు, సమానమైతే ర్యాంపు పోతుంది. ఓపల్ నాకేసి చూసింది. నేను కిటికీకేసి చూశాను. బయట సగువారో జెముడు చెట్టు, ఏడు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది! 'లెక్కపెట్టండి,' అన్నాను. 'నూటయాభై ఏళ్ళుగా చేతులెత్తుకునే ఉంది, ఇన్నాళ్ళూ దాని ఓటు అడిగిన పాపాన పోయారా ఒక్కరైనా?' కార్యదర్శి లేచి వేలు పెట్టి లెక్కపెట్టాడు. తొమ్మిదికి రెండు. ర్యాంపు నిలిచింది. జనం నన్ను భుజాలమీద ఎత్తుకుని ఈతకొలను చుట్టూ మూడుసార్లు..."

"నువ్వు..."

మాట చాలా మెల్లిగా వచ్చింది. ఎవరన్నారో ముందు ఎవరికీ తెలియలేదు. ఆర్లిస్ చెయ్యి గాల్లోనే ఆగింది.

"నువ్వు... లోపల... లేవు," అన్నాడు క్లిఫ్టన్.

నెట్టీ కప్పు కింద పెట్టబోయి సాసరు మీద కాకుండా తన మోకాలి మీద పెట్టుకుంది. ఓపల్ చేతిలో కాఫీ జగ్గు వంగిపోతోంది, ఆవిడకి తెలియడం లేదు. ఎనిమిది నెలలుగా ఆయన నోటినుంచి వచ్చినవి 'ఊ' ఒకటి, 'వద్దు' ఒకటి. మాటలు నేర్పే అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చి బొమ్మలు చూపించి, బతిమాలి, చెమటలు కక్కి వెళ్ళేది.

"క్లిఫ్," అంది ఓపల్. "మళ్ళీ చెప్పు."

క్లిఫ్టన్ ఎడమచెయ్యి ఎత్తి ఆర్లిస్‌ని చూపించాడు. మొహమంతా ఎర్రబడింది, మాటకోసం తవ్వుకుంటున్నట్టు. "ట్రక్కు," అన్నాడు. "లాక్కు... పోయారు."

అప్పుడు పడింది నవ్వు. రొసెండో కుర్చీ వెనక్కి వాలిపోయి కొంచెంలో పడేవాడే. నెట్టీ లేచి పక్కింటి ముంగిటికేసి తొంగిచూసింది. ఆర్లిస్ పాత ఆకుపచ్చ ట్రక్కు ఎప్పుడూ ఉండేచోట నూనెమరక తప్ప ఏమీ లేదు.

"ఓరి నీ దుంపతెగ! సూర్యుణ్ణి విడిపించినవాడివి నీ ట్రక్కుని విడిపించుకోలేకపోయావా!" అంది.

ఆర్లిస్ నోట్లో ముక్క నములుతూ కూర్చున్నాడు. క్లిఫ్టన్ మాత్రం ఇంకా ఆపలేదు. తల అడ్డంగా ఊపుతున్నాడు, మీరు నవ్వేది అది కాదు అన్నట్టు. ఓపల్ ఆయన ముందు మోకాళ్ళమీద కూర్చుంది.

"చోటు," అన్నాడు ఆవిడతో. "మనకి. చోటు... పట్టాడు."

ఓపల్ ఆర్లిస్‌కేసి తిరిగింది. "ఏం చోటు?"

"అబ్బే, అదేం చెప్పుకోదగ్గది కాదు," అన్నాడు ఆర్లిస్. అంత చిన్న గొంతు అతనికి ఉందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

"ఆర్లిస్!"

"క్లబ్బుహౌస్ ముందు చక్రాల కుర్చీలవాళ్ళు బండి పెట్టుకునేందుకు నీలంగీతల చోటు ఒకటే ఉంది కదా. క్రాంట్జ్ ఎప్పుడూ తన గోల్ఫ్ బండి అందులోనే పెడతాడు. రూల్సన్నీ మనకే. అది పోతే నువ్వు క్లిఫ్టన్‌ని ఎండలో ఆ కొస నుంచి తోసుకురావాలి. అందుకని పదకొండింటికే వెళ్ళి నా ట్రక్కు అడ్డం పెట్టి అందులోనే కూర్చున్నాను. మీ వ్యాన్ మలుపు తిరగ్గానే తీసేసి పక్కన బండి పెట్టకూడని ఎర్రగీత దగ్గర పెట్టాను. నువ్వేమో పెదాలు కదుపుకుంటూ పాఠం అప్పజెప్పుకుంటున్నావు, చూడలేదు. ఒక్క నిమిషమే కదా, నిన్ను లోపల కూర్చోబెట్టి వచ్చి తీద్దామనుకున్నాను. దిగేలోగా బండ్లు లాక్కుపోయే టోయింగ్‌వాళ్ళు వచ్చేశారు. వాదించాను, వాదించాను... నేను వాదన ముగించేసరికి ట్రక్కు గేటు దాటింది, లోపల మీ విచారణా అయిపోయింది. వచ్చి నీకు మొహం ఎలా చూపించను? నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను."

"ఆ ఎండలో రెండు మైళ్ళా!" అంది నెట్టీ. ఈసారి నవ్వలేదు.

పదకొండింటి నుంచి మూడింటిదాకా ఆ ఇనపడబ్బాలో ఏసీ కూడా పనిచెయ్యదని ఓపల్‌కి తెలుసు. నీలంగీతల చోటు ఖాళీగా కనబడగానే నిన్న తను అనుకున్నమాట కూడా గుర్తుంది. దేవుడు ఇవాళ నా వైపున్నాడు, అనుకుంది. పక్క కుర్చీలో తను పెట్టిన చేతిసంచీ, తలుపుకేసి చూసిన చూపులు, ఇంతసేపూ గుచ్చిన ఆ చిన్న ముల్లు, అన్నీ ఒక్కసారి ఎటు పోయాయో పోయాయి. లేచి వెళ్ళి ఆర్లిస్ బట్టతల మీద ముద్దు పెట్టింది. అతను ఈగ వాలినట్టు చేత్తో తుడుచుకున్నాడు.

"ఇంతసేపూ కోతలు కోశావు, ఇది ఒక్కటీ చెప్పలేదేమయ్యా?" అన్నాడు రొసెండో.

"ఇందులో కథేముంది? ఒకడు కారులో కూర్చున్నాడు. ఎవడు వింటాడు?"

"లే. నా కారులో పోయి నీ ట్రక్కు తెచ్చుకుందాం. జరిమానా నేను కడతాను," అన్నాడు రొసెండో.

"మేమూ వస్తాం," అంది ఓపల్. క్లిఫ్టన్ తల ఊపాడు, మొహం చెమటతో మెరుస్తోంది, పది మైళ్ళు పరిగెత్తినవాడిలా రొప్పుతున్నాడు. ఓపల్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. రేపు సోమవారం ఆ మాటలు నేర్పే అమ్మాయికి ఏం చెప్పాలో, ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియలేదు. ఆదివారం ఇంకా రాలేదన్న సంగతి కూడా గుర్తులేదు.

అందరూ లేచారు. కుర్చీ ర్యాంపు మీదుగా దిగుతుంటే ఆర్లిస్ పక్కన నడుస్తున్నాడు. చల్లగాలి తగిలి అతనికి మళ్ళీ ప్రాణం లేచొచ్చింది.

"అయినా ట్రక్కు ఊరికే ఇచ్చాననుకున్నారా? ఆ టోయింగ్ బండివాడున్నాడు చూశారూ, తొమ్మిదడుగుల మనిషి! ఒక్కో చెయ్యి ఈ స్తంభమంత. ఒంటిచేత్తో నా ట్రక్కు ఎత్తబోతే నేను బంపరు పట్టుకుని..."

"ఆడ... పిల్ల," అన్నాడు క్లిఫ్టన్.