ఊర్లు రాసుకునే పుస్తకాలు

“లేడమ్మా. ఇప్పుడే పోయిండు.”

“ఏడికి పోయిండు సారూ?”

“అశోక్ నగర్‌కు. ఏదో టెస్టు రాయాల్నంట.”

“లైబ్రరీ కాడ పిల్లలు ఇక్కడనే ఉంటడన్నరు.”

“వస్తుంటడు. కాయితాలకు, నోటుపుస్తకాలకు వస్తుంటడు.”

బాలకిషన్ చేతిలోని తోలుముక్కను బల్ల మీద పెట్టి స్టూలు ముందుకు జరిపాడు. అబద్ధమాడటం అతనికి అలవాటు లేదు. అందుకే మాటలు పొడిగా, ముక్కలుగా వస్తున్నాయి. కళ్యాణ్ ఏ టెస్టూ రాయడం లేదు. పార్సిళ్లు పట్టుకుని నారాయణగూడలోని కొరియర్ ఆఫీసుకు వెళ్లాడు. ఏ నిమిషమైనా తిరిగి రావచ్చు.

వచ్చినామె కళ్యాణ్ తల్లి కురుమమ్మ. ముషీరాబాద్‌లో ఏదో బిల్డింగు పని నుంచి సగం పూటకే వచ్చేసిందట. కొంగంచున సిమెంటు మరకలు ఇంకా ఆరలేదు. కొడుకు పొద్దంతా చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకుంటాడని నమ్మి, నాలుగు జొన్నరొట్టెలు మూటగట్టుకుని అక్కడికే వెళ్లింది. అక్కడి పిల్లలు ఈ గల్లీ చూపించారు. స్టూలు వద్దంటూ గడప పక్కన గోడకు వీపు ఆనించి కూలబడింది.

“మంచిగ చదువుతున్నడా సారూ?”

“చదువుతున్నడు.”

“ఈసారన్న వస్తదంటడా కొలువు?”

“గవర్నమెంటు పనులాయె. ఎప్పుడేమైతదో ఎవరు చెప్పాలె.”

“వాడు గూడ గట్లనే అంటడు.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, ఆశా లేదు. బాలకిషన్ వీధివైపు చూశాడు.

కళ్యాణ్ పోయినేడే చదువు మానేశాడు. పోటీ పరీక్షల పుస్తకాలన్నీ అశోక్ నగర్‌లో పాత పుస్తకాల కొట్టుకు వేసి, నేరుగా వచ్చి పని అడిగాడు. బాలకిషన్‌ది ఒకప్పుడు బైండింగు దుకాణం. వకీళ్ల పుస్తకాలు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు రావడం తగ్గిపోయాక, ప్రయాణాలు చేసేవాళ్లు వెంట ఉంచుకునే తోలు అట్టల పుస్తకాలు చేయడం మొదలుపెట్టాడు. కళ్యాణ్ వచ్చాకే వాటికి పేరొచ్చింది. తోలును చేత్తో తడిమి ఎటు సాగుతుందో, ఎక్కడ మడత పడుతుందో ఆ పిల్లవాడికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

ఎలా వచ్చిందని ఒకసారి అడిగితే తలవంచుకుని చెప్పాడు. తాత చెప్పులు కుట్టేవాడు. నాయన పీరయ్య కూడా చిన్నతనంలో అదే పని చేసి, ఊళ్లో పడిన మాటలు పడలేక వదిలేశాడు. కొడుకు చేతికి తోలు కుట్టే ఆరె అందకూడదని భార్యను వెంటబెట్టుకుని ఇటుకలు, కాంక్రీటు మోశాడు. “నేను తోలు కుడుతున్న అని తెలిస్తే మా నాయిన తట్టుకోలేడన్నా” అన్నాడు కళ్యాణ్. ఇంట్లో చెప్పెయ్యమని బాలకిషన్ చాలాసార్లు అన్నాడు. “చెప్తనన్నా, చెప్తనన్నా” అనేవాడు. చివరికి అడగడానికి బాలకిషన్‌కే విసుగొచ్చింది.

“ఇవేంది సారూ, సంచులా?”

“పుస్తకాలమ్మా. ఊర్లు తిరిగేటోళ్లు కొంటరు.”

మాట కొడుకు మీద నుంచి మళ్లినందుకు అతనికి ఊపిరాడింది. ఒక అట్ట తెరిచి చూపించాడు. వెన్ను లోపల నిలువునా ఎలాస్టిక్ తాళ్లు, ఒక్కో తాడు కింద ఒక్కో సన్నపు పుస్తకం. రాసి నిండిపోయింది లాగేసి, కొత్తది దూర్చుకోవడమే. కాగితం మారుతుంది, తోలు అలాగే ఉంటుంది. మందుల కంపెనీలో పనిచేసే అంబిక గురించి కూడా చెప్పాడు. ఆమెకు వారానికో ఊరు. ఒక పుస్తకంలో ఆఫీసు పని, ఇంకో దాంట్లో ఏ ఊళ్లో ఏ లాడ్జి మంచిదో, మూడో దాంట్లో తన సొంత సంగతులు. కాగితాలకు తప్ప దుకాణానికి రాదు. ఆమె అట్ట ఎండకూ వానకూ నల్లబడి, బొటనవేలు ఆనే చోట అద్దంలా మెరుస్తుంది.

కురుమమ్మ అంతా ఓపికగా విన్నది.

“ఏం రాస్తరు ఇండ్ల?”

“పోయిన ఊర్లు. చూసినయి.”

“మేం గూడ మస్తు ఊర్లు పోయినం సారూ. పూనా, బొంబాయి, బెంగులూరు. బిల్డింగు లేసేదాంక ఉంటిమి, లేసినంక ఇంకో తానకు పోతిమి. చూసింది ఏం లేదు.” గోడ వైపు చెయ్యి చూపింది. “గా సంచి మా వానిదే.”

కొక్కానికి కళ్యాణ్ సంచి వేలాడుతోంది.

“ఇడిచిపెట్టి పోయిండు.”

“పరీక్షకు సంచి లేకుంటనే పోయిండా?”

“పెన్ను ఉంటే చాలంటరమ్మా ఇప్పుడు.”

ఆమె తల ఊపింది. ఆ తల ఊపడం చూస్తే బాలకిషన్‌కు తన మీద తనకే రోత పుట్టింది. పొద్దటి నుంచి తట్టలు మోసి, బస్సు పట్టుకుని వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో అబద్ధమూ పేర్చుకుంటూ పోతున్నాడు. కళ్యాణ్ తిరిగొచ్చి ఈమె ముందు దొంగలా నిలబడేకంటే, తానే చెప్పేస్తే మంచిదనిపించింది.

“అమ్మా, నీకొక మాట చెప్పాలె.”

“నేను గూడ ఒకటి అడగాల్నని చూస్తున్న సారూ.”

“ముందు నేను…”

“నన్ను అడగనీ సారూ. మల్ల అడగబుద్ధి కాదు.”

ఆమె నేల వైపు చూస్తూ చెప్పుకొచ్చింది. మొన్నటి వానల్లో అంబర్‌పేట్‌లో పని చేస్తుండగా పీరయ్య పరంజా మీద నుంచి పడ్డాడు. తుంటి విరిగింది. కర్ర పట్టుకుని గుడిసెలో నాలుగడుగులు వేస్తాడు గానీ, బరువు ఎత్తే పని ఇక లేదన్నారు డాక్టర్లు. అప్పటి నుంచి ఆమె ఒక్కతే పనికి పోతోంది. కొడుకు చదువు చెడుతుందని ఈ సంగతి అతని చెవిన పడనివ్వలేదు. పరీక్షలయ్యేదాకా ఇంటికి రావద్దని తామే అన్నారు. కొడుకు ఫోను చేస్తే బెంగళూరులో పనిలో ఉన్నానని పీరయ్య చెబుతాడట. అంత చెప్పి ఫోను పెట్టేశాక, పూటంతా గోడకు మొహం తిప్పుకుని పడుకుంటాడట.

“పొద్దంత ఖాళీగ కూసోలేక పిచ్చోని లెక్క అయితున్నడు సారూ. నీ కాడ ఈ తోలు చూసినంక తోచింది. చిన్నప్పుడు చెప్పులు కుట్టిండు. చెయ్యి మర్వదు. ఇంటికిస్తే కుట్టి పెడ్తడు. నేనే వచ్చి తీస్కపోత, నేనే తెచ్చిస్త.”

బాలకిషన్ బల్ల వైపు తిరిగాడు. బల్ల మీద, పొద్దున కళ్యాణ్ సగం కుట్టి వదిలిన అట్ట ఉంది. దారానికి రెండు కొసలా సూదులు వేలాడుతున్నాయి. పని లేదందామంటే అదీ అబద్ధమే. దసరాకు ఇవ్వాల్సినవి మూలన పేరుకుపోయి ఉన్నాయి.

“మీ ఆయన ఒప్పుకుంటడా?” అన్నాడు చివరికి.

“నేను ఒప్పిస్త.”

అతను లేచి, కోసి పెట్టిన అట్టలు రెండు, మైనం పట్టించిన దారం, సూదులు తీసి కాగితంలో చుట్టాడు. కుట్టు ఎక్కడ మొదలుపెట్టాలో చూపించబోతే, ఆయనకు చూపించాల్సిన పని లేదు అన్నది కురుమమ్మ. అంతసేపటిలో ఆమె ముఖం మొదటిసారి కాస్త తేటపడింది. రొట్టెల మూట స్టూలు మీద పెట్టి, కొడుకు రాగానే ఇవ్వమంది. పొట్లాన్ని కొంగులో దాచుకుంటూ లేచింది.

“ఇందాక నువ్వేందో చెప్పాలన్నవు సారూ.”

“ఏం లేదమ్మా. జర చూసుకోని పో. రోడ్డు మీద బండ్లు మస్తున్నయి.”

గడప దాటింది. రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించింది.

“కళ్యాణ్‌కు మాత్రం తెల్వనీయకు సారూ. వాళ్ల నాయిన మల్ల తోలు పట్టిండని తెలిస్తే, వాడు చదువు ఇడిచిపెడ్తడు.”