పంటి కింద చేను

హలో… ఆ, నేనే. నీ ఫోన్ కోసమే చూస్తున్నానన్నయ్యా.

… తిన్నావా? పొద్దున పంపిన మోజుకు నాచే కదా. ఎలా ఉంది?

… ఇసుకా.

… పళ్ళ కింద కరకరలాడిందా. పాపం. చియో వదినని మంచినీళ్ళు అడుగు.

… వదిన ఇంట్లో లేదా. అలాగా.

… కడగకపోవడమేం, కడిగాను. ఎంత కడిగినా పోలేదు, అందుకే నీకు పంపాను. ఒక్కసారి గిన్నె అడుగు చూడు. మన సముద్రం ఇసుక తెల్లగా ఉంటుంది. అక్కడ ఏ రంగు ఉంది?

… ఎర్రగా. ఆ. ఎర్రమట్టి సముద్రంలో పుట్టదు. వాలు మీద నీ చెరుకు చేలో పుడుతుంది. మొన్నటి వానకి అది మా నాచు పెరిగే వలల మీదకి దిగింది. నువ్వు తిన్నది నీ పొలమే. ఉప్పు సరిపోయిందా?

… వాన అందరి చేలోనూ పడింది, నిజమే. అందరూ గట్టు మీది సన్నిన్ పొదలు పీకెయ్యలేదు.

… తెలుసు. ఇంకో రెండు సాళ్ళు చెరుకు పడుతుందని. మహా తెలివి. ఆ పొదలు అమ్మ ఎందుకు నాటిందనుకున్నావు?

… ఆకుల్లో ముచి పిండిముద్దలు చుట్టి ఉడికించడానికా. సరే, తిండి ఒక్కటి గుర్తుంది. వేళ్ళతో మట్టిని పట్టుకుంటాయని కూడా చెప్పేది. ఆ మాట చెప్పేసరికి నువ్వు తినేసి లేచిపోయేవాడివి.

… అరవకు. ఇవాళ అరిచే వంతు నాది.

… నాచుకి మట్టి అంటితే ఏమవుతుందా? ఊపిరాడక కుళ్ళి ఊడిపోతుంది. మీ బావ చలికాలమంతా మెడలోతు నీళ్ళలో నిలబడి కట్టుకున్న వలలవి. ఒడ్డు వైపువి పోయాయి. బయటివి మిగిలాయి, ఇంకా కోతకి రాలేదు. రాత్రికి మళ్ళీ వానట. నీ చేను గట్టు అలా బోడిగా పడుంటే అవీ పోతాయి. ఇక ఈ ఏడు మాకు పంట లేనట్టే.

… రేపు చూస్తావా. వానకి కూడా చెప్పు, రేపు రమ్మని.

… చెల్లెలు మట్టి పెట్టిందని ఊరంతా చెప్తావా? చెప్పు. అవ్వ ముచి చుడుతూ చెప్పిన కథ గుర్తుందిగా. అన్న రాక్షసుడైతే చెల్లెలు ముచిలో ఇనుము కలిపి పెట్టింది. నేను నయం.

… ఆ చప్పుడా? వ్యాను. పిలకలు దించుతున్నాం. అమ్మ నాటిన దుబ్బుల్లోంచి నేను మా పెరట్లోకి తెచ్చుకున్నవే, సన్నిన్.

… ఇంటి దగ్గర కాదు. నీ చేను గట్టు మీద నుంచే మాట్లాడుతున్నాను.

… ఎవర్నడిగా? నీ పెళ్ళాన్ని. ఇదిగో, గునపం పట్టుకుని గుంటలు తవ్వుతోంది. నీ రెండు సాళ్ళ మీదే. పిలకలు వేళ్ళూనేదాకా ఆగాలిగా, కింద వైపు చెరుకాకు మోపులు అడ్డం పేరుస్తున్నాం.

… ఇస్తానుండు. … వదిన చేతులు ఖాళీగా లేవట. నీతో మాట్లాడేంత ఓపిక కూడా లేదంటోంది.

… ఇప్పుడే బయల్దేరుతున్నావా. మంచిది. పార తెచ్చుకో.

… అన్నమా? తెచ్చాను, అందరికీ. నీకు తప్ప. నీ గిన్నె నీ ముందే ఉందిగా, ఖాళీ చేసి రా… పెట్టేస్తున్నా, చినుకు మొదలైంది.