బరువులేని ఓడలో కారిన అరటి జిగురు

నా పేరు కర్రి నాగరత్నం. వయసు యాభై తొమ్మిది. రావులపాలెం మార్కెట్లో అరటి గెలల వ్యాపారం. ఎస్సై గారు అడిగితే నా ఇష్టంతోనే చెబుతున్నానండి. నవలలు రాసే భానుతేజ చొక్కా పాడుచేసింది నేనే. పొరపాటున కాదు, కావాలనే చేశాను.

1994లో ఒక వారపత్రికలో పద్నాలుగు వారాలు సీరియల్ రాశాను. నక్షత్రాల మధ్య సరుకు మోసే ఓడల కథ. చక్రవర్తి, ఎడారి గ్రహం, తిరుగుబాటు, ఇవన్నీ అద్దె పుస్తకాల షాపులో దొరికిన పాత ఇంగ్లీషు నవలల అనువాదాల్లోంచి తీసుకున్నవే. దాచలేదు. మొదటి వారమే ఆ రచయితలకి దణ్ణం పెట్టి మరీ మొదలెట్టాను.

ఓడలో అరటి గెలలు మాత్రం నావి. గెల కాడ కోస్తే జిగురు కారుద్ది, బట్టల మీద పడితే ఆ మరక ఇక పోదు. అదే రాశాను. మనుషులు గాల్లో తేలే ఓడలో కెప్టెన్ తెల్లచొక్కా మీద జిగురు టపటపా కారిందని రాశాను. తుని నుంచి ఓ సైన్సు మాస్టారు ఉత్తరం రాశారు, "బరువే లేని చోట కిందికెలా కారుతుందమ్మా?" అని. సిగ్గుతో చచ్చాను. రోజూ గెలలు కోసే చెయ్యి కదండీ, అలా రాసేసింది.

కిందటేడు భానుతేజ కాకినాడ నుంచి ఇంటర్వ్యూ అంటూ వచ్చాడు. నా సీరియల్‌ది, పత్రికలోంచి కత్తిరించి కుట్టించుకున్న కాపీ ఒక్కటే నా దగ్గర ఉంది. "రెండ్రోజుల్లో ఇచ్చేస్తానమ్మా" అని పట్టుకెళ్లాడు. నా కాఫీ తాగి మరీ పట్టుకెళ్లాడు. మళ్లీ ఫోనెత్తలేదు.

పోయిన నెల మా మేనకోడలు తేజస్వి అతని కొత్త నవల తెచ్చింది. గ్రహాల పేర్లు మార్చాడు. మనుషుల పేర్లు మార్చాడు. నూట పన్నెండో పేజీలో మాత్రం, తేలే ఓడలో జిగురు కిందికే కారుతోంది! నా తప్పుతో సహా ఎత్తేశాడండి. నా పేరు ఎక్కడా లేదు.

మొన్న ఆదివారం పదకొండున్నరకి రాజమండ్రిలో అతనికి అభినందన సభ. పొద్దున్నే కోసిన గెల పట్టుకెళ్లి, మా ఊరి తరఫున సన్మానం అన్నాను. చప్పట్లు కొట్టి స్టేజీ ఎక్కించారు. నన్ను గుర్తుపట్టి మొహం తిప్పుకున్నాడు. అయినా ఒక అవకాశం ఇచ్చానండి. "ఆ జిగురు సంగతి ఎక్కణ్ణుంచి వచ్చింది బాబూ?" అని మైకులోనే అడిగాను.

"పాత క్లాసిక్స్ నుంచి అందరం తీసుకుంటామండి. అది మాత్రం పూర్తిగా నా సొంత ఊహ," అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. గెల అతని భుజం మీద పెట్టి, కాడ మళ్లీ కోశాను. "ఇదిగో, భూమ్మీదైతే ఇలా కారుద్ది," అన్నాను. కత్తి తెచ్చింది గెలకే, మనిషికి కాదు. తెల్ల సిల్కు చొక్కా, జేబు దాకా కారింది.

పశ్చాత్తాపం ఉందా అని ఎస్సై గారు అడిగారు. లేదండి. ఆ చొక్కా ఉతికించకండి. ఏం పెట్టి రుద్దినా పోదు. చూసినప్పుడల్లా నేను గుర్తురావాలి.

స్టేషన్ రైటర్ వెంకటదుర్గ గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే రాశారు, ఇందులో అబద్ధం లేదు. అరటికొట్టు ఆడదాన్నని వేలిముద్ర ప్యాడ్ నా ముందుకి జరిపారు. వద్దన్నాను. నాకు సంతకం వచ్చండి. ఈసారి నా కథ కింద నా పేరే ఉండాలి.

(సంతకం)
కర్రి నాగరత్నం