రంగు పట్టని మొగం

హలో… ఆ, నేనే. చెన్నప్పనే, హంపన్నా… గొంతు మారిందా? గొంతు యాడికి పోతాదిలే. మూతి సగమే తెరుస్తాండా, అందుకే అట్ల వినిపిస్తాండాది.

… లేదు లేదు, పన్ను నొప్పి కాదు. ఏమీ లేదు. సుమ్నె, ఊరికే.

… డ్రామా తాలీముకు రాలేదంటావా? నిన్న రాలేదు, మొన్నా రాలేదు. ఒప్పుకుంటాండా. వాషింగ్ యూనిట్ కాడ పని మీద పడిందప్పా. కొత్త జీన్స్ ప్యాంట్లను రాళ్ళతో కలిపి మిషన్లో తిప్పి, పాతవాటి మాదిరి చెయ్యాల గదా. ఊపిరాడకుండా ఆర్డర్లు…

… ఓనర్ని అడిగినావా! ఎప్పుడు? … పనికీ రాలేదని చెప్పినాడా. చెప్తాడు, వాడికేం.

… వీడియో ఎందుకు? ఉట్టి ఫోను చాలదా? నా మొగం నీకేమన్నా కొత్తదా? నాలుగో తరగతిలో బడి ఇడిపించి, నాకు చీర కట్టించి, డ్రామా నేర్పిన మేష్ట్రువి నువ్వే గదప్పా.

… నెట్ లేదు ఈడ. ఒక్క గీతే చూపిస్తాండాది.

… ఎవురు చెప్పినారు నీకు? సవితనా? నా పెండ్లాం నోట్లో మాట నిలిస్తే గదా! ఏమని చెప్పింది? … ఊ. అదే. మొగానికి మిషన్ పెట్టించుకొని వచ్చినా. నవ్వు, నువ్వూ నవ్వు. ఆమె నవ్వీ నవ్వీ పొయ్యి మీద పప్పు మాడ్చింది. "ఆడదాన్ని, నేనే ఎన్నడూ ఆ క్లినిక్కు మెట్లెక్కలేదు, రాణిగారు ఎక్కొచ్చినారా" అని.

… ఎందుకా? నువ్వా అడిగేది? పోయిన ఏడు సంగనకల్లు జాత్రలో ముందర కూసున్నోళ్ళు ఏమన్నారు? హార్మోనియం మీద నువ్వే ఉంటివి, నీ చెవిన పడలేదా? "రాణి కాదురో, రాణి వాళ్ళవ్వ వచ్చినాది" అని. పద్యం నడుమ! నా రాగం యాడన్నా తప్పిందా? నిజం చెప్పు… లేదు గదా. గొంతు ఉండాది. నడక ఉండాది. ఈ దవడల కింద తోలు జారింది, అంతే. రంగు వేస్తే ఆ ముడతల్లో దిగి, గీతలు గీతలుగా తేలుతాండాది.

… జాత్ర కమిటీవాళ్ళు అనింది నాకూ తెలుసు. ఈ ఏడు రాణి వేషానికి ఆ బిందుశ్రీని పిలుస్తారని. మంచి పిల్లే, పాడుతాది, కాదనను. అయితే నువ్వేమంటివి? "రంగేసుకొని ఆడే రంగు తాలీము నాడు చూస్తారు చెన్నప్పా, మొగం నిలిస్తే వేషం నీదే" అనలేదా? ఆ మాట పట్టుకొనే పోయినా నేను.

… కత్తి లేదప్పా. కుట్లూ లేవు. అదే వాళ్ళ బోర్డు మీద పెద్దగ ఉండాది. ఏదో జెల్లు పూసి, పెన్ను మాదిరిది ఒకటి దవడ మీద తిప్పుతారు. వేడి లోపలికి దిగి, లోపలి తోలు బిగిస్తాదంట. నేను పోయి కూసుంటే, ఆ టేబుల్ కాడి పిల్ల "పేషెంట్ మేడమ్ యాడ, పిలవండి" అనింది. చుట్టూ అందరూ ఆడోళ్ళే. "ఆ మేడమ్ని నేనే తల్లీ" అంటి… ఆ, నేనూ నవ్వినాలే అప్పుడు.

… ఛీ, వాళ్ళననొద్దు. డాక్టరమ్మ ముందే చెప్పింది. బిగిసేది కొద్దిగానే, అదీ కనపడేదానికి నెలలు పడతాది, పడుచుతనం మాత్రం రాదు అని. చెవిలో ఏసుకుంటే గదా నేను! కొన్నాళ్ళు ఎండలో తిరగొద్దు, ఆయింట్‌మెంట్ తప్ప మొగానికి ఏమీ తాకించొద్దు అని కూడా చెప్పింది.

… ఆ. రంగు వేసుకుంటి.

… ఆ పొద్దు సాయంత్రమే. తిట్టు. ముందర ఇది విని తిట్టు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే, తోలు బిగువుగ ఉండాదన్నా! నా తల్లి మీద ఒట్టు, ఒక్క ముడత ల్యా. అది వాపని నాకేం తెలుసు? సంబరమై రంగు పెట్టె తీసినా. పచ్చ అర్దళం పొడి, తెల్ల సఫేదా పొడి, కొబ్బరినూనె, అన్నీ ఎప్పటి మాదిరే. బుద్ధి తెలిసినకాడి నుంచి గణపతికి మొక్కి వేసుకున్న రంగు, అది నన్నేం చేస్తాదిలే అనుకుంటి. క్రీములూ పౌడర్లూ వద్దనింది గాని, మన రంగును కాదులే అనుకుంటి. కనుబొమ్మలు దిద్ది, సవరం పెట్టుకొని, చీర కొంగు ఇట్ల ఏసుకొని నిలబడితే… రాణి అన్నా! నువ్వు మొదట్లో చూసిన రాణి! సవిత నవ్వేది ఆపి చూసింది. ఫోటో తీయవే అంటే, ఫోన్లో చార్జింగ్ లేదనింది.

… తర్వాతేముంది. రంగు తీయాల గదా. నూనె రాసి, పాత లుంగీ ముక్కతో ఎప్పటి మాదిరే గట్టిగ రుద్దినా. బట్టతో పాటు తోలూ వచ్చినాది.

… కుడి దవడ, మూతి పక్కన అంతా. ఎడమ పక్క బొబ్బలు. డాక్టరమ్మ కాడికి మళ్ళీ పోయినా. మానుతాది గాని మచ్చ పోదు అనింది. ఈ రంగు ఇంక ఎన్నడూ ముట్టొద్దు అనింది.

… ఎన్నడూ అంటే ఎన్నడూనే.

… ఏంది? ముసలి దాసి వేషమా? దానికి రంగు అక్కరలేదు, కొంగు కప్పుకుంటే చాలంటావా… నా సింహాసనం మీద ఆ పిల్ల కూసుంటే, నేను పక్కన నిలబడి విసనకర్ర ఊపాల. బాగుంది మేష్ట్రూ. ఆ ముందర వరసోళ్ళకు ఇంక బాగుంటాది.

… అరవద్దు. సరే, తెరుస్తా వీడియో. నెట్ ఉండాదిలే, అబద్ధం చెప్పినా. నీ పక్కన ఎవురూ లేరు గదా? … ఉండు, కిటికీ తీస్తా. మొగం మీది గుడ్డ మెల్లగ తీయాల, పుండుకు అంటుకొని ఉండాది… అబ్బా…

ఆ. కనపడుతాండానా?

… హంపన్నా?

… నువ్వు నాకు కనపడుతాండావు. పక్కకు తిప్పుకోవద్దప్పా మొగం. చూడు. రంగు పట్టేది, పట్టనిది నీకు తెలిసినట్ల ఎవురికి తెలుసు? చూసి చెప్పు, పడతాదా?

… ఎవురది, నీ వెనక? ఆడగొంతు గదా అది. ఎవురూ లేరంటివి! … ఆ పాడేది నా పద్యమే గదప్పా.

… బిందుశ్రీనా? అప్పుడే వచ్చి నేర్చుకుంటాండాదా. రంగు తాలీము దాకా కూడా ఆగలేదు మీరు.

… మనిషిని పంపిస్తావా? దేనికి? … ఓహో, రాణి కిరీటం, వడ్డాణం, సవరం. నా కాడ ఉండాయి. అందుకోసరమా నువ్వు ఫోన్ చేసింది! నేను ఇంకా, చెన్నప్ప ఎట్లుండాడో అని చేసినావనుకుంటి.

… ఇస్తానప్పా, ఇయ్యకేం చేస్తా. అర్దళం పెట్టె కూడా తీసుకపోండి. సవితకు చెప్పి వాకిట్లో పెట్టిస్తా. మనిషి వచ్చి తీసుకొని పోవాల, లోపలికి రాకూడదు.

… ఆ పిల్లకు ఒక్క మాట చెప్పు. రెండో పాదం కాడ తొందర పడతాండాది. ఆడ నిలిచి ఊపిరి తీసుకొని ఎత్తుకోమను… వద్దు వద్దు, ఫోన్ ఆ పిల్ల కాడికి తీసుకపోవద్దు! జడుసుకుంటాది. నువ్వే చెప్పు.

… లేదప్పా, ఏడ్చేది లేదు. ఏడిస్తే నీళ్ళు పుండు మీదికి దిగి మండుతాది. డాక్టరమ్మ చెప్పలేదు గాని, అది నేనే కనుక్కొంటి…

మండుతాండాది హంపన్నా. పెట్టేస్తాండా.