గంగాదేవి తెరిపించిన బీరువాలు

అక్కలారా, అన్నలారా, ధర్మవరం నేతన్నలారా, బత్తలపల్లె నుంచి, సోమందేపల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన చెల్లెళ్లారా, అందరికీ నమస్కారం.

ఈ హాల్లో మనం చాలాసార్లు కలిశాం. కూలి రేట్ల మీద గొడవ పడటానికి కలిశాం, పట్టు ధర పెరిగిందని తిట్టుకోవడానికి కలిశాం. ఈరోజు గంగాదేవి లేదని కలిశాం. పదకొండు రోజుల కిందట, గురువారం మధ్యాహ్నం, పని బల్ల ముందు కూర్చున్నచోటే ఆమె గుండె ఆగిపోయింది. యాభై రెండేళ్ల మనిషి. భర్త గంగాధరప్ప, కూతురు అశ్విని ఇక్కడే ఉన్నారు. వాళ్లకు ధైర్యం చెప్పేటంత పెద్దవాణ్ని కాను. నేను చూసింది చూసినట్టు చెప్పగలను, అంతే.

తెలియనివాళ్లకు నా సంగతి ఒక మాట. నా పేరు మార్కండేయ. బస్టాండు రోడ్డులో నాకు పట్టుచీరల అంగడి ఉంది. గంగాధరప్ప దంపతులు ఇరవై రెండేళ్లు నాకు చీరలు నేశారు. పట్టూ జరీ నేనిచ్చేవాణ్ని, వాళ్లు నేసి తెచ్చేవాళ్లు. ఆ ఇరవై రెండేళ్లలో గంగాదేవి గొంతు నేను సరిగ్గా విన్నది లేదు. మాట్లాడేది గంగాధరప్ప. ఆమె వెనక నిలబడి చీర మడతలు సరిచేసేది. ఈ మనిషిలో ఇన్ని ప్రశ్నలున్నాయని నాకెప్పుడు తెలిసింది? అందరి పనీ పోయినాక తెలిసింది.

రెండువేల ఇరవై, మార్చి నెల. మరిచిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? పెళ్లిళ్లు ఆగిపోయాయి. పెళ్లిళ్లు ఆగితే మన ఊరు ఆగిపోతుంది. నా అంగడిలో పైకప్పు దాకా చీరలు, కొనే మనిషి లేడు. అప్పుడు నేనేం చేశాను? మగ్గాలకు పట్టు ఇవ్వడం ఆపేశాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక గంగాధరప్పకు ఫోన్లో చెప్పాను. ఆయన సరేనని పెట్టేశాడు. ఆ నెలల్లో మన నేతగాళ్లు ఎంతమంది బెంగళూరికి వాచ్‌మన్ పనికి పోయారో మీకు తెలుసు. ఎంతమంది మట్టి పనికి పోయారో కూడా తెలుసు.

జూలైలో అనుకుంటాను, గంగాదేవి ఒక్కతే అంగడికి వచ్చింది. పని అడగడానికే వచ్చిందనుకుని లేదని చెప్పే మాటలు నేను ముందే సిద్ధం చేసుకున్నాను. ఆమె పని అడగలేదు. "అన్నా, కొత్త చీర కొననోళ్లు ఇప్పుడు ఏం కట్టుకుంటాండారు?" అంది. పాతవే కట్టుకుంటారు అన్నాను. "ఆ పాతవి ఎట్లుండాయి? చూసినావా?" అంది. నాకు విసుగొచ్చింది. ఊళ్లోవాళ్ల బీరువాల సంగతి నాకెట్లా తెలుస్తుందమ్మా అన్నాను. ఆమె "నాకూ తెల్దు. చూసొస్తా" అని దిగి వెళ్లిపోయింది.

నిజంగానే చూసి వచ్చింది మిత్రులారా. మూతికి గుడ్డ కట్టుకుని ఇంటింటికీ తిరిగింది. ముందు చుట్టాల ఇళ్లు, తర్వాత ఇరుగుపొరుగు వీధులు, ఆపైన ముక్కూమొహం తెలియని ఇళ్లు. గడప బయటే నిలబడి, అమ్మా మీ పెళ్లిచీర ఒకసారి చూపిస్తారా అని అడగడం. ఎవరైనా అట్లా అడుగుతారా? కొందరు తలుపేసుకున్నారు. కొందరు నవ్వి చూపించారు. ఆమెకు కనిపించిందేమిటి? మడతల దగ్గర చీలిపోయిన చీరలు, అంచు దగ్గర పోగులు లేచిన చీరలు. కట్టుకోవడానికి వీల్లేక, పారేయడానికి మనసు రాక, ఇరవై ముప్పై ఏళ్లుగా బీరువా అడుగున పడి ఉన్నవి. అందరం ఉన్న ఊళ్లోనే ఉన్నాం. నేనైతే పట్టు మీదే బతికే మనిషిని. నాకెందుకు కనబడలేదు?

ఇంటికి వెళ్లి ఆమె మొదట చేసిన పని తన పెళ్లిచీరను నిలువునా చీల్చడం. నేర్చుకోవడానికి చిరుగు కావాలి కదా. గంగాధరప్ప ఆ రోజు అన్నం తినలేదట. ఆయనే చెప్పాడు నాకు. "మనం నేసేవోళ్లం, అతుకులేసేవోళ్లం కాదు" అన్నాడట. ఆ మాటలో తప్పేముంది? మూడు తరాలుగా మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న ఇంటి మనిషి అట్లాగే అంటాడు. ఆమె ఎదురు కోప్పడలేదు. "చీర యాడ తెగుతాదో నేసినోళ్లకు తెలిసినట్ల ఇంకెవురికి తెలుస్తాది?" అందట. అని మళ్లీ సూది పట్టుకుంది.

మొదటిసారి గుడ్డ ముడతలు పడింది. రెండోసారి రంగు తేడా కొట్టింది. అప్పుడు ఆమెకు తట్టింది, చీరలో లోపల దోపుకునే చెంగు ఎవరికీ కనబడదు కదా అని. ఆ చెంగు నుంచే పోగులు తీసి, ఆ పోగులతోనే చిరుగు మీద సూదితో నేసింది. అదే పట్టు, అదే అద్దకం, అదే వయసు. ఎక్కడ చిరిగిందో గంగాధరప్పకే దొరకలేదు. ఆ శ్రావణంలో బత్తలపల్లెలో ఇరవై మందితో జరిగిన ఒక పెళ్లిలో, పెళ్లికూతురు తన తల్లి పెళ్లిచీర కట్టుకుని పీటల మీద కూర్చుంది. గంగాదేవి బాగుచేసిన మొదటి బయటి చీర అదే. ఆ పెళ్లికి వచ్చిన ఇరవై మందిలో ఆరుగురు ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

అంతా సాఫీగా జరిగిందని చెబితే అది ఆమె కథ కాదు. ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంద్రాణి మేడం అనుమతితో చెబుతున్నాను. అనంతపురంలో పంతులమ్మ, ఈ సభలోనే ఉన్నారు. ఆ సంవత్సరమే వాళ్లమ్మ కరోనాతో పోయారు. ఆ తల్లి చీర, మీగడ రంగుకు ఎర్ర అంచు, బాగుచేయమని గంగాదేవికి ఇచ్చారు. మరక పోవాలని గంగాదేవి దాన్ని కుంకుడు నీళ్లలో ముంచింది. ఎర్ర అంచు రంగు దిగి, కొంగు తప్ప చీరంతా పాకింది.

ఏం చేయాలి? ఫోన్ చేసి చెప్పవచ్చు. నేను అట్లాగే చేసేవాణ్ని, చేశాను కూడా. ఆమె ఆ చీర పట్టుకుని బస్సెక్కి అనంతపురం పోయింది. గుమ్మంలోనే చీర విప్పి చూపించి, "నేనే చెడగొట్టినానమ్మా. నా చెయ్యే చేసింది" అంది. మేడం ఆ చీరను చేతుల్లోకి తీసుకున్నారట. గంగాదేవి కదల్లేదు. చివరికి ఒక ప్రశ్న అడిగింది, "అమ్మ ఈ చీర ఎప్పుడెప్పుడు కట్టుకుంటాండె?" అని. తల్లి పోయినాక తనను ఆ మాట అడిగిన మనిషే లేడని మేడం నాతో చెప్పారు. ఆ సాయంత్రం వరకు ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. రంగు పాకని కొంగు మాత్రం వేరు చేసి, కొత్త మీగడ పట్టుకు కుట్టి, నెల తర్వాత తెచ్చిచ్చింది. ఆరోజు నుంచి ఏ చీర వచ్చినా తడి తెల్లగుడ్డతో మూల తుడిచి రంగు చూడందే ముట్టుకోలేదు. ఇంకొకటి కూడా మొదలుపెట్టింది. చీర ఎవరిది, ఏ సందర్భంలో కట్టుకున్నది అని అడిగి, చీటీ మీద రాయించి, చీరకు కట్టేది. చీరతో పాటు ఆ చీటీ కూడా దాచుకున్నవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

ఇక నా సంగతి. కరోనా రెండో అల వెళ్లిపోయాక, రెండువేల ఇరవై ఒకటి ఆగస్టులో, నేను అంగడి ఎత్తేద్దామనే అనుకున్నాను. అప్పుడు ఆమె వచ్చి, అంగడి ముందుభాగంలో ఒక బల్ల వేసుకుంటానని అడిగింది. నాకు తల ఎత్తడం కష్టమైంది. నీకు పట్టు ఆపేసినవాణ్ని నేను, నా దగ్గరికే ఎందుకొచ్చావమ్మా అని అడిగాను. క్షమించాననే మాట కోసం ఎదురుచూశానేమో, ఏమో. ఆమె చెప్పిందేమిటో వినండి. "నీ అంగడి రోడ్డు మీద ఉండాది, నా ఇల్లు సందులో ఉండాది. అంతే అన్నా" అంది.

ఆ బల్ల నా అంగడిని నిలబెట్టింది. పాత చీర ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు కూర్చుని కొత్త చీరలు చూశారు. కొన్నారు కూడా. అంచులు పూర్తిగా పోయిన చీరలు వస్తే, వాటికి సరిపోయే పాత నమూనా అంచులు ఎక్కడా దొరకలేదు. వాటిని గుర్తుపట్టి నేయగలిగింది ఎవరు? అతుకులు వేయనన్న గంగాధరప్పే. మూలపడ్డ ఆ మగ్గం మళ్లీ ఆడింది. ఆ నమూనాల కోసం ఇప్పుడు వేరే ఊళ్లవాళ్లు కూడా ఆయన్ని వెతుక్కుంటూ వస్తున్నారు.

పాతవి బాగుచేస్తే కొత్తవి ఎవరు కొంటారు, నేతగాళ్ల నోట్లో మట్టి కొడుతోంది అని ఈ హాల్లోనే ఆమెను నిలదీసినవాళ్లున్నారు. తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అది అడగాల్సిన ప్రశ్నే. ఆమె కూడా అట్లాగే తీసుకుంది. "నాకూ తెల్దప్పా. చూస్తాండాము కదా" అంది. తెలియనిదాన్ని తెలియదని అంత సులువుగా చెప్పే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇంత ఆలోచన నీకెట్లా వచ్చిందమ్మా అని ఒకసారి అడిగాను. "చేతులకు పని లేకపోయె. కండ్లకు పని పెట్టినా" అంది. ఆ మాట మీద నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. కష్టం వచ్చినప్పుడు మనం ఏం పోయిందో చూస్తాం. ఇంకా ఏం ఉంది అని చూడటం ఆమె ఎక్కడ నేర్చుకుంది? ఎవరు నేర్పారు? గంగాధరప్పను అడిగాను, ఆయనకూ తెలియదు.

ఆమె పోయిననాటికి బల్ల మీద పందొమ్మిది చీరలు ఉన్నాయి. కొన్ని సగంలో, కొన్ని ఇంకా విప్పనివి. మూడో రోజు అశ్విని ఏడుపు ఆపుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. అమ్మ లేదు, మీ చీర పంపించేయమంటారా అని అడిగింది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. పందొమ్మిది మందిలో ఒక్కరు కూడా పంపించేయమనలేదు. ఎప్పటికైనా కానీ, మీరే చేయండి అన్నారు.

ఆ చీరలు పూర్తిచేయబోయేది గంగాదేవి దగ్గర సూది పట్టడం నేర్చుకున్న ఎనిమిది మంది ఆడవాళ్లు. రెండో వరుసలో కూర్చుని ఉన్నారు. అమ్మా, ముందు మీరు లేవండి. మీ వెనక అశ్విని, గంగాధరప్ప లేస్తారు. ఆ తర్వాత మనమందరం లేద్దాం. ఫోన్లు ఆపేసి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడి, గంగాదేవిని తలుచుకుందాం.